కొంగ అడిగిన పేరు

బహుళ పాడ్యమి. పోటు ఎక్కువ. తాళ్ళు బిగువుగానే ఉన్నాయి.

టవరుపేటలో ప్రతి బల్లకట్టుకీ ఒక ఇంటిపెద్ద ఉండాలనీ, నీరు ఎలా ఉందో, తాళ్ళు ఎలా ఉన్నాయో ఆ పెద్ద రాసి కమిటీకి చూపించాలనీ రూలు. మా ఇళ్ళన్నీ నీళ్ళలోంచి పైకి లేచిన పాత సెల్ టవరుకి కట్టేసి ఉంటాయి. ఒక ఇంటి తాడు పుచ్చిందంటే ఊరంతా ఒకరి మీద ఒకరు పడతాం. కింద మా తాతల కొబ్బరితోటలు ఉండేవట. నేను చూడలేదు. పోటుకి మా గుమ్మం ఒకవైపు చూస్తుంది, పాటుకి ఇంకోవైపు తిరుగుతుంది. వాస్తు చెప్పేవాళ్ళు ఈ ఊరికి రారు. అదొక్కటే సుఖం.

నీరూ తాళ్ళూ రాశాక కాగితం మీద చోటు మిగులుతుంది. ఉత్తినే వదిలేయడం నాకు చేతకాదు. నేను నాలుగో తరగతిలో ఉండగా బడి మునిగిపోయింది. రాతలో తప్పులుంటే సముద్రాన్ని అడగండి.

ఈ బల్లకట్టు మీద ఇద్దరమే ఉంటాం. నేను ఏడుకొండలు, మా ఆవిడ నూకరత్నం. పక్క బల్లకట్టు మా కూతురి కూతురు చందనది. ఒడ్డుకీ ఊరికీ మధ్య పడవ నడుపుతుంది.

మా ఆవిడ మెడ మీద రూపాయంత బిళ్ళ ఉంటుంది. గొంతులో కురుపు లేచినప్పుడు ఒడ్డు మీద ఆసుపత్రివాళ్ళు స్వరపేటిక మొత్తం తీసేశారు. తీసేముందు ఆవిడ గొంతుని ఆ బిళ్ళలోకి ఎక్కించారు. పెదవులు కదిపితే చాలు, అచ్చం పాత గొంతుతోనే మాట్లాడుతుంది. ఆపరేషను తర్వాత మొదటిసారి కళ్ళు తెరిచి, నేను చొక్కా తిరగేసి తొడుక్కున్నానని తిట్టింది. డాక్టర్లు చప్పట్లు కొట్టారు.

అయితే ఉప్పుగాలి బిళ్ళని తినేస్తుంది. కొన్నాళ్ళకి మార్చాలి. మా బిళ్ళకి ఆ రోజులు వచ్చేశాయి. ఇవాళ పొద్దున్న నన్ను చూసి, "తాడుకి పట్టిన గుల్లలు గీకమంటే ఇక్కడ కూకుని కాగితాలు నలుపుతున్నావేటి? నువ్వొట్టి..." అంది. అక్కడితో ఆగిపోయింది. నేను ఒట్టి ఏమిటో విందామని కాసేపు నిలబడ్డాను. పెదవులు కదిలాయి, మాట రాలేదు.

"ఏదో మంచి మాటే అనుంటావులే," అన్నాను.

చేతిలో గరిటె ఉంది కాబట్టి మిగతాది అర్థమైంది.

కొత్త బిళ్ళ ఆసుపత్రి నుంచి బయలుదేరింది. ఇంకా ఇల్లు చేరలేదు. పాత బిళ్ళ పనిచేస్తుండగానే కొత్తది పక్కన అంటించాలి. ఒక రాత్రంతా రెండూ కలిసి ఉంటే పాతదాని గొంతు కొత్తదానికి వస్తుంది, పాలకి తోడు వేసినట్టు. పాతది ముందే చచ్చిపోయిందా, ఇక తోడు లేదు. కొత్తది బిళ్ళలు చేసే కంపెనీవాళ్ళు ముందుగా పెట్టి ఇచ్చే గొంతుతో మాట్లాడుతుంది. ఇక జన్మంతా అదే గొంతు.

తదియ. నీరు మామూలు. ఉత్తరం వైపు తాడు కొంచెం వదులు, బిగించాను.

పూటకో వైపు తిరిగే ఇళ్ళకి నంబర్లేముంటాయి? మా ఊళ్ళో మనిషికి అడ్రసంటే మెయిల్ పెట్టె. ఏ పార్సిలైనా ఆ పెట్టె పేరు మీదే వస్తుంది. నా పెట్టె మొదట ఒక కంపెనీ ఇచ్చింది. దాన్ని ఇంకో కంపెనీ మింగింది. దాన్ని రాయంచ అనే కంపెనీ మింగింది. చేపల సంగతే. మింగినప్పుడల్లా కొత్త పాస్‌వర్డు పెట్టమంటారు, పాత ఉత్తరాలు సగం పోతాయి. మిగిలిన ఉత్తరాలు ఎలాంటివంటే, మీ పెరట్లో బోరు వేస్తాం, మీ మేడ మీద తోట పెంచుతాం అని. కాలు జారితే సముద్రంలో పడే ఇంటికి!

కంపెనీ రాయంచ అని పేరు పెట్టుకుంది గానీ, కాళ్ళు వేలాడేసుకుని ఎగిరొచ్చే దాని యంత్రాన్ని మేం కొంగ అంటాం. పార్సిల్‌ని కడుపులో పెట్టుకుని వస్తుంది.

ఇవాళ పార్సిల్ ఎక్కడుందో చూద్దామని పెట్టె తెరవబోతే తెరుచుకోలేదు. ఫోను చేశాను. కంపెనీ గొంతు పలికింది. తేనెలో ముంచి ఆరబెట్టినట్టుంటుంది ఆ గొంతు.

"మీ పెట్టె తాత్కాలికంగా మూసివేయబడింది. తెరుచుటకు, మీ పెట్టెకు పంపిన సంకేతాన్ని చెప్పండి."

"అమ్మా, పెట్టె మూసుకుపోయింది కదమ్మా. అందులోకి పంపితే నేనెలా సూసేది?"

"సంకేతం మీ పెట్టెకు పంపబడింది. దయచేసి పెట్టెలో చూడండి."

"తాళంచెవి పెట్టెలో పెట్టి తాళమేసినట్టుంది మీ యవ్వారం."

"మీకు ఇంకేమైనా సహాయం కావాలా?"

"నీకు పెళ్ళయ్యిందా అమ్మా?"

"ఈ ప్రశ్నకు సమాధానం మీ పెట్టెకు పంపబడింది."

మామూలుగా అయితే ఈ మాట ఊరంతా చెప్పి నాలుగు రోజులు నవ్వించేవాణ్ణి. కానీ ఫోను పెట్టేశాక నవ్వు రాలేదు. కొత్త బిళ్ళల్లో బిళ్ళల కంపెనీవాళ్ళు ముందుగా పెట్టి ఇచ్చేది కూడా ఈ గొంతునే. ఆసుపత్రిలో వినిపించారు. నా చొక్కా తిరగేసి ఉంటే, రేపు ఈ గొంతు నాకు చెబుతుంది. "మీ చొక్కా తిరగబడి ఉన్నది" అని.

మా ఆవిడ చేపలు తోముతూ వింటోంది. "కొంగ..." అని ఆగింది.

"కొంగేటే?"

తల అడ్డంగా ఊపి చేపల వైపు తిరిగిపోయింది. బిళ్ళ మింగేసిందనుకుని నేనూ వదిలేశాను.

షష్ఠి. పాటు. తాళ్ళు బాగానే ఉన్నాయి. నేను మాత్రం బాగాలేను.

చందన పడవలో ఒడ్డుకి వెళ్ళాను, రాయంచ ఆఫీసుకి. అక్కడ వరస చూస్తే పుష్కరాలు గుర్తొచ్చాయి. నా ముందు నిలబడినాయన గాలం వైరు తెప్పించుకుంటే సవరం వచ్చిందట, సంచిలోంచి తీసి చూపించాడు. "నెత్తినెట్టుకోవయ్యా, ఒక ఫొటో తీయించుకుని అప్పుడు తిరిగిచ్చేద్దువు గాని," అన్నాను. నిజంగానే పెట్టుకున్నాడు పాపం. విసుగులో మనిషి దేనికైనా సిద్ధమే.

బల్ల వెనక కూర్చున్న గుమాస్తా పేరు దైవాధీనం. బల్ల మీద రాసి ఉంది. నా పని ఏమవుతుందో అక్కడే తెలిసిపోయింది. అయినా మనిషి మంచివాడే. నా వివరాలన్నీ తెర మీద చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"బాబాయ్ గారూ, మీ పార్సిల్ ఎక్కడికీ పోలేదండి. కొంగ మీ ఇంటికి వచ్చింది. ఒకసారి కాదు, మళ్ళీ మళ్ళీ వచ్చింది."

"మా ఇంటికా? నేను లేనా?"

"మీరు లేరండి. ఇంట్లో ఒక పెద్దావిడ ఉన్నారు. మీ ఊళ్ళో ఇళ్ళు తిరుగుతూ ఉంటాయి కదండీ, అందుకని కొంగ పేరడిగి గాని పార్సిల్ ఇవ్వదు. పార్సిల్ ఎవరిదని అడిగితే ఆవిడ, ఇదిగో, వినండి, ఒకసారి 'మా ఆయనది' అన్నారు. ఒకసారి 'మా అమ్మాయి వాళ్ళ నాన్నది' అన్నారు. ఇంకోసారి 'ఇంకెవరిది, నా కర్మది' అన్నారు."

నా వెనక నిలబడిన చందన పకపకా నవ్వింది. ఎవరు నవ్వినా నేనూ నవ్వేస్తాను, అలవాటు. ఈసారి సగంలో ఆగిపోయాను.

"పేరు చెప్పలేదు కాబట్టి, ఈ పేరుగల మనిషి ఆ ఇంట్లో లేడని రాసుకుంది," అన్నాడు దైవాధీనం. "అందుకే పెట్టె మూసుకుపోయిందండి."

"నేను ఇక్కడే ఉన్నాను కదయ్యా! నీ ఎదరే నిలబడ్డాను."

"నాకు కనిపిస్తున్నారండి. దానికి కనపడాలి."

"అయితే ఈసారి కొంగొచ్చినప్పుడు నేనే ఇంటికాడుండి చెప్పేత్తాను."

"చెల్లదండి. పెట్టె మూసుకున్నవాళ్ళు వాళ్ళ పేరు వాళ్ళే చెప్పుకుంటే ఒప్పుకోదు. ఆ ఇంట్లో ఉన్న ఇంకో మనిషి నోటితో చెప్పాలి."

"నేను చెప్తానండి," అని చందన ముందుకొచ్చింది.

"మీది వేరే బల్లకట్టని ఉందమ్మా. ముఖం చూసి పోల్చేస్తుంది."

ఇంట్లో ఇంకో మనిషంటే మా ఆవిడే. ఆవిడ మొగుడి పేరు పలకదు, అదీ సంగతి అని దైవాధీనానికి చెప్పాను. ఆయన నవ్వలేదు. గొంతు తగ్గించి, "మా అమ్మా అనేది కాదండి," అన్నాడు. "రేషను వరసలో నన్ను ముందు నిలబెట్టి మా నాన్న పేరు నాతో చెప్పించేది. ఇది ఇట్టాంటి ఇల్లు అని రాద్దామంటే దీంట్లో గడి లేదండి. నేనేం చేయను?"

ఇంకొక్కసారి పంపుతానన్నాడు. అమావాస్య లోపల ఎప్పుడైనా వస్తుందట. అప్పుడూ పేరు రాకపోతే పార్సిల్ ఆసుపత్రికి తిరిగిపోతుంది. మళ్ళీ తయారై రావడానికి వర్షాకాలం దాటుతుంది. అప్పటిదాకా పాత బిళ్ళ బతకదు.

తిరుగు దారిలో చందన అడిగింది. "అమ్మమ్మ ఈ సంగతి నీకెందుకు చెప్పలేదో తెలీట్లేదా తాతయ్యా?"

"ఎందుకు?"

"చెప్తే ఊరుకుంటావా? టవరెక్కి మైకులో చెప్పవూ!"

చెప్పేవాణ్ణే. ఊళ్ళో అందరికీ తెలిసిన పందెం ఇది. పెళ్ళయి మా బల్లకట్టు మీదికి వచ్చినప్పుడు, ఆనవాయితీ ప్రకారం మా అక్క గుమ్మానికి అడ్డంగా నిలబడి, పేర్లు చెప్పి లోపలికి రమ్మంది. నేను 'నూకరత్నంతో వచ్చాను' అని అరిచి చెప్పాను. ఆవిడ నోరు విప్పలేదు. అన్నం చల్లారింది, పోటు పోయి పాటు వచ్చింది, గుమ్మం ఇటునుంచి అటు తిరిగింది. చివరికి మా అక్కే కాళ్ళు పీకి పక్కకి తప్పుకుంది. ఆ రోజు నుంచీ ఆవిడతో నా పేరు అనిపించాలని నేను పడని పాట్లు లేవు. ఒకసారి తెప్ప మీద తప్పిపోయినట్టు నటించాను, పేరు పెట్టి కేకలు వేస్తుంది కదా అని. కంచం తీసుకుని గరిటెతో మోగించింది. ఊరంతా ఏదో మునిగిపోయిందని పరుగెత్తుకొచ్చారు. చేపలు లెక్కపెట్టినా ఆరు, ఆ తర్వాతది, ఎనిమిది అంటుంది గానీ ఆ అంకె కూడా ఆవిడ నోట రాదు.

సప్తమి. నీరు తక్కువ. తాళ్ళు చూడలేదు, రేపు చూస్తాను.

అడిగేశాను. ఆవిడ వల అల్లుతోంది.

"కొంగొచ్చిందని చెప్పలేదేటే?"

సూది ఆగింది. "చెప్తే నవ్వే..." బిళ్ళ అక్కడ ఆగినా, సంగతి ఆగలేదు.

"నవ్వేవాణ్ణే. ఇప్పుడు నవ్వట్లేదు కదా. వచ్చినప్పుడు ఒక్కసారి అనేయి. పలికేది యంత్రానికే కదా, నాకు కాదు."

"మా అమ్మ అన్లేదు. మా మామ్మ..."

"మీ మామ్మ మొగుడికి మెయిల్ పెట్టె లేదే."

అది హాస్యం కాదు, నిజమే చెప్పాను. ఆవిడ నా వంక చూసిన చూపు మాత్రం ఎప్పటిదే. ఒక్కో మాటే జాగ్రత్తగా పలికింది. మిగిలిన బియ్యం కొలిచినట్టు. "కొత్త గొంతుతో... మాటాడతాను. ఏం? నీకు... వినబడదా?"

"వినబడతది. ఆ గొంతుతో తిడితే నాకు తగలదే. ఎవరో ఫోను చేసి, తప్పు నంబరని పెట్టేసినట్టుంటది."

ఆవిడ వల అల్లుకుంటూ ఉండిపోయింది. చీకటి పడేదాకా ఒకే వరస అల్లి, విప్పి, మళ్ళీ అల్లింది.

దశమి. నీరు, తాళ్ళు మామూలు.

కొంగ రాలేదు. నేను వేటకి తెప్ప తీయడం మానేసి ఇంటి దగ్గరే ఉంటున్నాను. ఆకాశం చూసి చూసి మెడ పట్టేసింది. వచ్చేవన్నీ నిజం కొంగలే.

బిళ్ళ ఇప్పుడు మాటల్ని మధ్యలోంచి కూడా తినేస్తోంది. ఆవిడ మాట్లాడటం తగ్గించేసింది. ఇల్లు ఎంత చప్పుడు లేకుండా ఉందంటే, కింద గుల్లలు తాడుని కొరికే శబ్దం వినిపిస్తోంది. ఊళ్ళోవాళ్ళు వచ్చి సలహాలు చెప్పి పోతున్నారు. ఒకాయన బిళ్ళని చింతపండు పెట్టి తోమితే ఉప్పు వదిలిపోతుందన్నాడు. అది ఇత్తడి చెంబా? ఇంకొకావిడ, పేరు అనలేకపోతే పాటలో కలిపి పాడేయమని చెప్పింది. నేను ఎవరినీ ఏమీ అనలేదు. దాంతో కమిటీవాళ్ళు వచ్చి నాకు ఒంట్లో ఎలా ఉందని అడిగారు.

కంపెనీకి మళ్ళీ ఫోను చేశాను. కొంగ ఏ రోజు వస్తుందో చెప్పమని.

"వచ్చు సమయం మీ పెట్టెకు పంపబడింది."

తిట్టడానికి ఓపిక లేక, "సరేనమ్మా," అని పెట్టేశాను.

చతుర్దశి. పోటు ఎక్కువ. తాళ్ళ సంగతి తర్వాత.

వచ్చింది.

పొద్దెక్కాక, ఆవిడ బట్టలు ఆరేస్తుండగా దిగింది. కాళ్ళు చాపుకుని బల్లకట్టు అంచున నిలబడి, కడుపులో దీపం వెలిగించుకుంది. "రాయంచ సేవలకు స్వాగతం. ఈ పార్సిల్ ఎవరిదో ఈ ఇంటి సభ్యులు పేరు చెప్పవలెను." ఆ గొంతే.

చుట్టుపక్కల బల్లకట్ల మీద తలుపులన్నీ తెరుచుకున్నాయి. ఎవరికి పనుంది, ఎవరికి లేదు అని లేదు. అందరూ అంచుకి వచ్చి నిలబడ్డారు. చందన పడవలోంచే, "అమ్మమ్మా, అనేయే!" అని అరిచింది.

ఆశ చావక నేను ముందుకెళ్ళాను. "ఏడుకొండలుది. ఆ ఏడుకొండలుని నేనే."

"తమరి పెట్టె మూసి ఉన్నందున తమరి మాట చెల్లదు. ఇంటిలోని ఇతరులు చెప్పవలెను."

ఆవిడ తడిబట్ట చేత్తో పట్టుకునే కొంగ ముందుకి వచ్చింది. పెదవులు తెరిచింది. నా వైపు చూసింది. మూసేసింది. మళ్ళీ తెరిచింది, మళ్ళీ నా వైపు చూసింది. కొంగ, "సమయము ముగియుచున్నది," అంది.

నాకు అప్పుడు తెలిసింది. అడ్డం కొంగ కాదు. ఊళ్ళోవాళ్ళూ కాదు. గుమ్మానికి మా అక్క నిలబడినట్టు, ఇప్పుడు నేను నిలబడి ఉన్నాను. నేను వింటాను, విని ఇక చచ్చేదాకా వదలను, అదీ ఆవిడ బాధ. లోపలికి వెళ్ళి తలుపేసుకుందామంటే, మా ఇంటి తలుపులు వెదురు తడికలు. గుసగుస కూడా అవతలికి పోతుంది.

పైపంచె తీసి గడప మీద పెట్టి, అంచున కూర్చుని, తాడు పట్టుకుని నీళ్ళలోకి దిగాను.

"తాతయ్యా! ఏం చేత్తన్నావు?" చందన కేకేసింది.

"తానం చేత్తన్నాను. కనబడట్లేదా?"

మా ఆవిడ వైపు చూసి, చెవులు చూపించి, కిందికి చూపించాను. ముక్కు మూసుకుని మునిగాను.

నీళ్ళ కింద పచ్చగా ఉంటుంది. తాడు, దాని మీద గుల్లలు, బల్లకట్టు అడుగున తిరిగే చిన్న చేపలు. చెవుల్లో హోరు తప్ప ఏమీ లేదు. ఊపిరి బిగపట్టగలిగినంత సేపు ఉండి పైకి వచ్చాను. ఆవిడ అలాగే నిలబడి నన్ను చూస్తోంది, ఇంకా అనలేదు. వయసైపోయినవాణ్ణి కదా, తొందరగా తేలిపోయాను. 'అంతేనా?' అన్నట్టు చెయ్యి తిప్పింది. దగ్గుతూనే గాలి పీల్చుకుని మళ్ళీ మునిగాను. ఈసారి తాడు కిందికంటా పట్టుకుని వేలాడాను. ఛాతీ మండింది. పైకి రావాలనిపించింది, రాలేదు. ఆవిడ ఎంత మెల్లగా పలుకుతుందో, బిళ్ళ ఎన్నిసార్లు మింగేస్తుందో, ఎన్నిసార్లు మళ్ళీ అనాల్సొస్తుందో ఎవరికి తెలుసు? ఇక కళ్ళు చీకట్లు కమ్ముతుంటే తాడు వదిలేశాను.

పైకి వచ్చేసరికి కొంగ గాల్లో ఉంది. బల్లకట్టు మీద చిన్న డబ్బా ఉంది. మా ఆవిడ దాని పక్కన చతికిలబడి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. చుట్టూ బల్లకట్ల మీద ఒక్కరూ మాట్లాడటం లేదు. పెళ్ళివారింట్లో తాళి చేతిలోకి తీసుకున్నాక ఒక క్షణం అలాగే ఉంటుంది, డోలు మోగే ముందు.

చందనా, పక్కింటి ఇద్దరూ కలిసి నన్ను రెక్కలు పట్టుకుని పైకి లాగారు.

అమావాస్య. పోటు బాగా ఎక్కువ. తాళ్ళన్నీ చూశాను, గట్టిగా ఉన్నాయి.

నిన్న మధ్యాహ్నమే కొత్త బిళ్ళ పాతదాని పక్కన అంటించాం. పాతది దీపంలా మినుకు మినుకుమంటోంది. ఆవిడ కదలకుండా వెల్లకిలా పడుకుంది. నేను పక్కనే కూర్చుని పాలచట్టిని కాపలా కాసినట్టు కాశాను. మధ్యలో ఏదో అనబోతే, "మాటాడకే, తొణుకుతుంది," అన్నాను. తెల్లవారకముందే పాతది ఆరిపోయింది. తీసేశాను. కొత్తది పచ్చగా వెలుగుతోంది గానీ, లోపల ఏ గొంతుందో దేవుడికే తెలియాలి. అడగడానికి నాకు ధైర్యం చాలలేదు.

ఆవిడ లేచి కూర్చుంది. మెడ తడుముకుంది. నా వైపు చూసింది.

"ముసలోడివి, దగ్గుతా దగ్గుతా నీళ్ళలోకి దిగుతావా? మళ్ళీ పైకి రాకపోతే నా గతేం కాను, బుద్దిలేని సచ్చినోడా!"

ఆవిడే. గుక్క తిప్పుకోకుండా, ఒక్క అక్షరం పోకుండా, చివరికంటా.

నేను గోడ వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాను. ఆవిడ చూసింది గానీ, కమిటీవాళ్ళు చదివే కాగితం కాబట్టి ఉప్పునీళ్ళని రాస్తున్నాను.

శుద్ధ విదియ. నీరు తగ్గింది. తాళ్ళు మామూలు.

ఊరంతా విన్నారు, నేను తప్ప.

ఇన్నేళ్ళుగా నేను ఏడిపించినవాళ్ళంతా వడ్డీతో సహా తీర్చుకుంటున్నారు. గుల్లలు గీకుతుంటే పక్కింటాయన, "ఎంత బాగా అందయ్యా!" అంటాడు. ఎలా అందిరా అంటే నోరు మూసుకుంటాడు. గారు పెట్టి అందా, ఒరేయ్ అని పెట్టి అందా, గట్టిగానా, మెల్లగానా, ఒకసారా, రెండుసార్లా? ఒక్కరూ చెప్పరు. నేను నీళ్ళలో ఉండగా చూపుడువేలు అందరి వైపూ తిప్పి ఒట్టు పెట్టించుకుందట.

సాయంత్రం చందన వచ్చింది. "దైవాధీనం గారు కబురు పెట్టారు తాతయ్యా. నీ పేరు ఖాయమైంది. ఒక్కసారి ఆఫీసుకొచ్చి వేలిముద్ర ఏస్తే పెట్టె తెరుత్తారంట. అందులో రసీదుందంట. అమ్మమ్మ గొంతుతో సహా." కళ్ళెగరేసింది. "రేపొద్దున్న పడవుంది. వత్తావా?"

మా ఆవిడ పొయ్యి దగ్గర ఉంది. నోటినిండా మాట ఉండి కూడా ఏమీ అనలేదు. మూకుడులో చేపముక్కని తిప్పింది, అవసరం లేకపోయినా మళ్ళీ తిప్పింది.

"రేపు కుదరదులే," అన్నాను.

"ఎల్లుండి?"

"ఎల్లుండీ పనుంది."

చందన నా మొహం చూసి, అమ్మమ్మ వీపు చూసి, పడవ తాడు విప్పుకుని వెళ్ళిపోయింది. తెడ్డు చప్పుడు దూరమయ్యాక మా ఆవిడ ఇటు తిరక్కుండానే అడిగింది.

"ఎల్లి తెరిపించుకోవచ్చు కదా? నీకు కావాల్సింది అదేగా ఇన్నాళ్ళూ."

"చెవుల్లో ఇంకా నీళ్ళు పోలేదే," అన్నాను. "ఇప్పుడు విన్నా వినబడదు."